బొటనవేలంత వెలితి

పళ్ళ డాక్టరమ్మ ఆ కారును లారీ మీద తెచ్చి మా షెడ్డు ముందు దింపించింది. నేను దాని చుట్టూ ఒకసారి తిరిగాను. రెండు సీట్లు, రెండు తలుపులు. పైన కప్పు లేదు. కప్పు ఉండాల్సిన చోట గొడుగు ఊచల్లాంటి ఇనుప కమ్మీలు రెండు, వాటిని పట్టుకుని వేలాడుతున్న పాత గుడ్డ పీలికలు. వయసులో నాకంటే పదేళ్ళు చిన్నది. తుప్పులో మాత్రం చాలా పెద్దది.

ఇంత పాతది ఎందుకు కొన్నారని అడిగాను. ఆవిడ కారు ముందున్న మెరుపు జాలీ చూపించింది. పళ్ళన్నీ ఉన్నాయి, ఒక్కటి ఊడలేదు, ఒక్కటి కదలడం లేదు, అందుకే కొన్నానంది. నేను తలుపు తీసి, లోపల పరిచిన పట్టా ఎత్తాను. పట్టా కింద కారుకి నేల లేదు. మా షెడ్డు గచ్చు కనిపించింది. గచ్చు మీద చీమల బారు ఒకటి పోతోంది, అదీ కనిపించింది.

“పళ్ళు బాగానే ఉన్నాయమ్మా,” అన్నాను. “చిగుళ్ళే పోయాయి.”

డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. ఆ ముక్కను తన కుర్చీలో నోరు తెరిచి కూర్చున్న వాళ్ళందరికీ వారం రోజులు చెప్పిందట. నవ్వడానికి వీల్లేక వాళ్ళెంత అవస్థ పడ్డారో నాకు తెలియదు. ఆ ఏడాది నేను బయటివాళ్ళతో అన్న మాటల్లో అదే పెద్దదని మా ఆవిడ లెక్క తేల్చింది.

మా షెడ్డు మధ్యలో ప్లైవుడ్ అడ్డం ఒకటి ఉంది. ఇవతల నాది. వెల్డింగు మిషను, గ్రైండరు, సుత్తులు, రేకు సాగగొట్టుకునే ఇసుక సంచి. అవతల మా ఆవిడది. కుట్టు మిషను, పొడవాటి బల్ల, కిటికీ, మేకుకి వేలాడే పెద్ద కత్తెర. ఏ బండి వచ్చినా ఇనుము నాకు, గుడ్డ ఆవిడకు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే పంపకం. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం. ఒక్కసారి మాత్రం నేను ఆ కత్తెరతో రబ్బరు షీటు కోశాను. అప్పుడు ఆవిడ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదట. నేను గమనించింది ఆరో రోజున.

ఈ కారుకి ఇద్దరి పనీ ఉంది. అడుగు రేకులు రెండూ తీసి కొత్తవి వెయ్యాలి, అది నాది. మడిచే టాపు కొత్తగా కుట్టాలి, అది ఆవిడది. టాపు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. గట్టి గుడ్డ. వెనక అంచు డిక్కీ ముందు బిగుస్తుంది, మధ్యలో ఆ రెండు కమ్మీల మీద ఆనుతుంది, ముందు అంచు ఎదుటి అద్దం చట్రానికున్న నాలుగు కొక్కేలకు తగులుతుంది. గుడ్డ డప్పు తోలులా బిగువుగా ఉండాలి. వదులైతే గాలికి కొట్టుకుంటుంది. పొట్టిదైతే అసలు తగలదు.

ఆ టాపు పని మా ఆవిడకు మామూలు పని కాదు. కారణం చెప్పాలి.

ఈ కారు రావడానికి కొన్నాళ్ళ ముందు ఆవిడ కళ్ళు మసకబారాయి. మాకెవరికీ చెప్పలేదు. ఆ మసకలోనే ఒక లారీ సీటుకి కవరు కుట్టింది. అది నాలుగు వేళ్ళు పొట్టిదయింది. లారీ డ్రైవరు మంచివాడు, సీటే ఉబ్బిందేమో అమ్మా అన్నాడు. ఆవిడకు అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది. తర్వాత కళ్ళకి ఆపరేషన్ అయింది. నెల రోజులు మిషను ముట్టుకోవద్దన్నారు. ఆ నెలలో నేను రెండుసార్లు వెళ్ళి మెయిన్ స్విచ్చి చూసొచ్చాను. అవతల మిషను చప్పుడు లేకపోతే కరెంటు పోయిందనే అనిపించేది. కాళ్ళతో తొక్కే మిషనుకి కరెంటుతో పనేమిటని తర్వాత తట్టింది.

మా ఆవిడ చెల్లెలికి కర్టెన్ల దుకాణం ఉంది. నాకు మరదలు. నోరు పెద్దది, మనసు మంచిది. ఆవిడ ప్రతి వారం వచ్చి ఒకటే పాట పాడేది. అక్కా, ఇక చాలు, ఆ మిషను నాకిచ్చెయ్యి, మా దుకాణంలో వేసుకుంటాను, నువ్వొచ్చి కుర్చీలో కూర్చుని అమ్మాయిల మీద అజమాయిషీ చెయ్యి, అని. కుర్చీలో కూర్చోవడం అనే మాట వినగానే మా ఆవిడ ముక్కుపుటాలు అదిరేవి.

కారు వచ్చిన మర్నాడు కూడా వచ్చింది. అదే పాట మొదలుపెట్టింది. మా ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, ఒక్కసారికే ఎక్కించి, తలెత్తి చెప్పింది.

“ఈ టాపు కుడతాను. ఇది వేలెడు తప్పినా మిషనూ కత్తెరా రెండూ నువ్వే పట్టుకుపో. నేను అడ్డం రాను.”

అన్నమాట దాటే మనిషి కాదు. ఆ సంగతి చెల్లెలికీ తెలుసు, నాకూ తెలుసు. మరదలు నా వైపు తిరిగి, బావా నువ్వేమంటావని అడిగింది. నేను టీ తాగాను.

“మా బావ నోట్లోంచి మాట రావాలంటే కింద జాకీ పెట్టి లేపాలి,” అంది మరదలు.

నాకు ఆ మిషను అక్కడే ఉండాలని ఉంది. అది చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు.

ఇక పని. కప్పున్న కారు మూతున్న పెట్టె లాంటిది. అడుగు కోసేసినా పైన మూత పట్టుకుని ఉంటుంది. ఈ కారుకి మూత లేదు. దాని బలమంతా అడుగులోనే ఉంది. అడుగు రేకులు కోస్తే నడుం విరిగిన మంచంలా అవుతుంది. అందుకని కోసే ముందే తలుపులు విప్పి, ఆ ఖాళీల్లో ఇనుప పైపులు అడ్డం పెట్టి చుక్కలుగా అతకాలి. పని అయ్యాక ఆ చుక్కలు కోసి పైపులు తీసెయ్యాలి. ఇది నేర్చుకోనివాడు ఇలాంటి కారు జోలికి వెళ్ళకూడదు. నేను నేర్చుకున్నవాడినే. మొదటి రోజునే నాలుగు పైపులు అతికాను. ఒక్కో వైపు ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా. సుత్తితో కొట్టి చూశాను. రాయిలా ఉంది.

సాయంత్రం మా ఆవిడ టేపు, సుద్ద, కొలతల పుస్తకం పట్టుకుని వచ్చింది. టాపు కొలవాలంటే లోపల కూర్చుని చెయ్యెత్తాలి. తలుపు ఖాళీలో పైపులున్నాయి. ఆవిడ ఒక కాలెత్తి చూసింది. మోకాలు సహకరించలేదు. రెండో కాలెత్తి చూసింది. ఆ మోకాలిదీ అదే మాట. అటువైపు వెళ్ళి అక్కడి పైపులు కూడా చూసొచ్చింది, అవేమైనా కాస్త పొట్టిగా ఉంటాయేమోనని.

నేను గ్రైండరు తీశాను. నాలుగు పైపులూ కోసేసి ప్లైవుడ్‌కి ఆనించి పెట్టాను. స్టూలు తెచ్చి కారు పక్కన వేశాను. ఆవిడ ఎక్కి కూర్చుంది. చీకటి పడే వరకూ కొలిచింది. ప్రతి కొలత రెండుసార్లు. పుస్తకంలో రాసుకుంది. కమ్మీలు కూడా విప్పించుకుని తన గదిలోకి తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున నేను వచ్చాను. పైపులు అతికే పని నిన్న అయిపోయింది. నా మనసులో అలాగే ఉంది. కారును స్టాండ్ల మీదికి ఎత్తాను. స్టాండ్లు మధ్యలో పెట్టాను, ముందూ వెనకా పని చేసుకోవడానికి వీలుగా ఉంటుందని. గ్రైండరు అందుకున్నాను.

తుప్పు రేకు కోస్తుంటే ఒక సుఖం ఉంటుంది. పాత రేకు పెచ్చులుగా రాలుతుంది. ఎంత కోసినా ఇంకాస్త కోస్తే మంచి ఇనుము వస్తుందనిపిస్తుంది. వస్తుంది కూడా. తెల్లగా మెరుస్తుంది. అక్కడ ఆపాలి. ఎడమ అడుగు మధ్యాహ్నానికి ఊడింది. కుడి అడుగు సాయంత్రానికి. దాంట్లోంచి ఒక దువ్వెన, రెండు పెన్ను మూతలు, ఎవరిదో ఒక చెవి రింగు రాలాయి. చెవి రింగు డాక్టరమ్మకు పంపాను. నాది కాదు, కానీ నా చెవికి బాగుంది అని కబురు పెట్టింది.

కొత్త రేకులు కోశాను. అడుగు రేకు నున్నగా ఉంటే కాలు పెట్టినప్పుడల్లా డబ్బాలా మోగుతుంది. అందుకని ఇసుక సంచి మీద పెట్టి పొడుగునా గట్లు లేపాను. నాలుగు రోజులు పట్టింది. అవతల మిషను కూడా ఆ నాలుగు రోజులూ ఆగలేదు. నేను సుత్తి ఆపితే అది వినిపించేది. అది ఆగితే నా సుత్తి ఆవిడకు వినిపించి ఉంటుంది. మధ్యాహ్నం టీ తాగుతూ, బాగా సాగుతోందా అని కళ్ళతో అడిగితే, ఆవిడ బాగానే అని కళ్ళతో చెప్పింది. ఆపరేషనైన కళ్ళు భలే మెరుస్తున్నాయి.

రెండు రేకులూ పెట్టి అతికాను. అతుకు చూసి నాకే ముచ్చటేసింది. తీరుగా పోసిన ముగ్గు గీతలా ఉంది. మసి తుడిచి, చీపురు తీసి ఊడవడం మొదలుపెట్టాను. ప్లైవుడ్ దగ్గరికి వచ్చేసరికి చీపురు దేనికో తగిలింది.

నాలుగు పైపులు. నేను ఆనించిన చోటే ఉన్నాయి. ఒకదానికి మా ఆవిడ తన సంచి తగిలించుకుంది.

చీపురు కింద పెట్టాను. తలుపు తెచ్చి బిగించి చూశాను. కింద సందు సమంగా ఉంది. పైన సందులో నా వేలు దూరింది. అంతకు ముందు గోరు దూరేది కాదు. రెండో వైపూ అంతే. అడుగు లేని నాలుగు రోజులూ స్టాండ్లు మధ్యలో మోశాయి, రెండు చివరలూ బరువుకి కిందికి వాలాయి. ముందు ఇంజను ఉంది కదా, అటు ఇంకాస్త వాలింది. ఎదుటి అద్దం చట్రం ముందుకు వంగింది. ఆ వంగిన కారుకే నేను ముగ్గు గీతలు పెట్టి శాశ్వతం చేశాను.

ఎవరూ చూడలేదు. ఈ పనిలో ముదిరినవాడికి ఒక విద్య తెలుస్తుంది. కీలు వెనక పలచని రేకు ముక్కలు దోపితే తలుపు జరుగుతుంది. దోపాను. రెండు వేళ్ళతో తోస్తే తలుపు పడింది. సందు కూడా దాదాపు సరిపోయింది. డాక్టరమ్మ వచ్చి తలుపు నాలుగుసార్లు వేసింది, నాలుగుసార్లు తీసింది. ఎంత మెత్తగా పడుతోందో అని మురిసిపోయింది. నేను తల ఊపాను.

టాపు సంగతి నాకు తట్టలేదంటే నమ్మాలి. ఇనుము నాది, గుడ్డ ఆవిడది అనుకుని బతికిన మనిషిని. కారు ఒకటేనని గుర్తు రాలేదు.

మూడో రోజు మా ఆవిడ టాపు భుజాన వేసుకుని వచ్చింది. ముదురు నీలం. అంచుల్లో జంట కుట్టు, ఒక్క పోగు వంకర లేదు. కమ్మీలు నిలబెట్టాం. వెనక అంచు బిగించాం. గుడ్డను కమ్మీల మీదుగా ముందుకు లాగింది. లాగింది. ఇంకా లాగింది. కొక్కేలకు బొటనవేలంత దూరంలో ఆగిపోయింది.

ఆవిడ గుడ్డ వదిలి, చేతులు తుడుచుకుని, మళ్ళీ పట్టుకుని లాగింది. అంతే వెలితి. అటువైపు వెళ్ళి లాగింది. అక్కడా అంతే.

లోపలికి వెళ్ళి ముందు అంచు మడత విప్పింది. విప్పితే నాలుగు పోగులు కలిసొచ్చాయి. అవి చాలలేదు. ముక్క అతకొచ్చు. కానీ అద్దం మీద అతుకు ఉంటే వాన నీళ్ళు ఒళ్ళోకి వస్తాయి. అతుకు పెట్టి గెలిచానని చెప్పుకునే మనిషి కూడా కాదు. మర్నాడు పొద్దున కారును మళ్ళీ కొలిచింది. స్టూలు తనే వేసుకుంది. పుస్తకం తెరిచి పాత అంకె చూసింది, టేపు చూసింది, నన్ను పిలిచి చదవమంది. చదివాను. పుస్తకంలో ఉన్నదానికంటే బొటనవేలంత ఎక్కువ.

“కారు పెరగదు కదండీ,” అంది. “ఆ రోజు తప్పు చదివింది నేనే.”

అప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను కూడా. ఆవిడ అప్పటికే స్టూలు దిగి ప్లైవుడ్ అవతలికి వెళ్ళిపోయింది. నా నోరు తెరుచుకునే వేగం నాకు తెలుసు.

కాసేపటికి ఫోనులో చెల్లెలితో మాట్లాడుతున్న గొంతు వినబడింది. రేపు బండి తీసుకుని రా, మిషను పెద్దది, ఇద్దరు మనుషులు కావాలి, అని. మరదలు అటువైపు ఏమందో తెలియదు, మా ఆవిడ మాత్రం, కళ్ళు ఇంతే, డాక్టర్లేం చేస్తారు అంది. నేను ఆ మాట వినలేక గ్రైండరు ఆన్ చేశాను. అరగదీయడానికి ఏమీ లేదు. ఆపేశాను.

ఆ రోజంతా అనుకున్నాను. చెబితే ఏమవుతుంది. డాక్టరమ్మ దగ్గర పరువు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది. మిషను పోతుంది. లెక్క తేలికే. అయినా అన్నం దగ్గర చెప్పలేదు, టీ దగ్గర చెప్పలేదు. ఒకసారి ఇదిగో చూడు అన్నాను. ఆవిడ చూసింది. చట్నీ బాగుంది అన్నాను. చట్నీ లేదు.

పొద్దున మరదలు బండి తెచ్చింది. గెలిచానన్న ముఖం కాదు, చావుకొచ్చినట్టు వచ్చింది. మిషనుకి గీతలు పడకుండా పాత బొంత కూడా తెచ్చింది. మా ఆవిడ అప్పటికే మిషనుకి నూనె వేసి తుడిచింది. కత్తెరను మెత్తటి గుడ్డలో చుట్టింది. ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. బండివాడు, అతని మనిషి చెరో వైపు పట్టుకున్నారు.

నేను ప్లైవుడ్ దారిలో నిలబడ్డాను.

మరదలు మెత్తగా, బావా కాస్త జరుగు అంది. జరగలేదు. ఏమండీ, దారివ్వండి అంది మా ఆవిడ. ఇవ్వలేదు. బండివాడు మిషను ఎత్తి పట్టుకుని ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి పాపం.

“కారు పెరిగింది,” అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. మరదలు అక్క వైపు చూసింది, నాకు కూడా ఏదైనా ఆపరేషన్ కావాలేమోనన్నట్టు.

“నేనే పెంచాను. నీ కొలత సరైనదే.”

మిషను దింపమని బండివాడికి చెయ్యి చూపించాను. కారు దగ్గరికి వెళ్ళి, తలుపు కీళ్ళు వదులు చేసి, దోపిన రేకు ముక్కలు ఒక్కొక్కటే తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను. మొత్తం ఆరు. తలుపు పక్కకి వాలింది. పై సందులో నా వేలు పెట్టి చూపించాను. తర్వాత ప్లైవుడ్ దగ్గరి పైపుల్ని చూపించాను. ఇన్ని మాటల కంటే అది నాకు తేలిక.

ఆవిడ పైపుల్ని చూసింది. స్టూలును చూసింది. ముప్పై నాలుగేళ్ళు నా పక్కన పని చేసిన మనిషి, విడమరిచి చెప్పక్కర్లేదు.

“ఇవి నేను ఎక్కడానికే కదూ తీశారు?”

“తియ్యడం నీ కోసం. మళ్ళీ పెట్టకపోవడం నా తప్పు.”

ఆవిడ చేతిలో రేకు ముక్కలు గలగలమంటున్నాయి. తర్వాత మెల్లగా అంది.

“రెండు రోజులు నా కళ్ళను నేనే తిట్టుకున్నాను. రాత్రి పుస్తకం దగ్గర పెట్టుకుని ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదువుకున్నాను, ఇంకా ఎక్కడెక్కడ తప్పానో అని. మీరు చెక్క అవతల కూర్చుని ఉన్నారు.”

అవునన్నాను.

మరదలు ఏదో అనబోయి, అక్క ముఖం చూసి, బొంత మడత పెట్టుకుంది. బండివాడు మాత్రం ఇంక మేం వెళ్ళొచ్చా అని అడిగాడు. వెళ్ళమంది మా ఆవిడ. కత్తెర మూట విప్పి మేకుకి తగిలించింది. వచ్చి నా ముందు నిలబడింది.

“గుడ్డ ఒక్క పోగు కూడా మార్చను. మీ కారునే నా పుస్తకానికి తీసుకురండి. ముందు డాక్టరమ్మకు మీరే ఫోన్ చేసి చెప్పండి. నేను చెప్పను.”

ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, డాక్టరమ్మ లైను కట్టయిందేమోనని హలో హలో అంది. అంతా విని, పన్ను వంకరగా కడితే తనైతే ఏం చేస్తుందో చెప్పింది. తీసేసి మళ్ళీ కడుతుందట. తియ్యండి మేస్త్రీ గారూ అంది. ఆ తర్వాత, తలుపు అంత మెత్తగా పడుతుంటే తనకు అప్పుడే అనుమానం రావాల్సిందనీ, తన దగ్గరికొచ్చే వాళ్ళలో ఏమీ నొప్పి లేదని చెప్పేవాళ్ళకే ఎక్కువ పుచ్చిపోయి ఉంటాయనీ అంది.

మరదలు వెళ్ళలేదు. దుకాణం అమ్మాయిలు చూసుకుంటారంది. అసలు సంగతి ఏమిటంటే, నేను ఇరుక్కోవడం చూడ్డానికి ఇలాంటి రోజు మళ్ళీ రాదు.

తలుపులు విప్పి, నా ముగ్గు గీతల మీద నేనే గ్రైండరు పెట్టాను. కొత్త రేకు ఒక అంచు మాత్రం వదిలి, మిగతా మూడు వైపులా కోశాను. రెండు రేకులకీ అంతే. బాగా అతికిన అతుకు కొయ్యడం తుప్పు కొయ్యడంలా ఉండదు. అది ఊరికే లొంగదు. నా పని అంత గట్టిదని ఆ రోజే తెలిసింది, తెలియకపోయినా బాగుండేది. మధ్యాహ్నం దాటింది.

ముందు ఇంజను కింద స్క్రూ జాకీ పెట్టాను. దాని పిడి తిప్పే పని మరదలు అడిగి తీసుకుంది. మా ఆవిడ టాపు మళ్ళీ కమ్మీల మీద వేసి, వెనక బిగించి, ముందు అంచు పట్టుకుని అద్దం పక్కన నిలబడింది. మోకాళ్ళు నొప్పెట్టకుండా మరదలి బొంత నాలుగు మడతలేసి స్టూలు మీద పరిచాం, అలసినప్పుడు కూర్చోవడానికి. ఆవిడ కూర్చోలేదు.

నేను కారు కింద పడుకున్నాను. మరదలు పిడి తిప్పుతోంది. ప్రతి తిప్పుకీ ఒక మాట. ఈ జాకీ కారుకి పెట్టినట్టు లేదే, మా బావకి పెట్టినట్టుంది అంది. మొదటి రోజే పెట్టి ఉంటే మాటా వచ్చేది, బండి కిరాయీ మిగిలేది అంది. ఇనుము కిర్రుమంది. కారు ముందు భాగం వెంట్రుకవాసి లేచింది. తలుపు ఖాళీల పై అంచులు కత్తెర నోరు మూసుకున్నట్టు దగ్గరికి వస్తున్నాయి.

“ఇంకొంచెం,” అంటోంది మా ఆవిడ. “ఇంకొంచెం. ఇంకో సగం తిప్పు. ఆగు.”

ఒక కొక్కెం తగిలింది. ఆ చప్పుడు నాకు కింద వినిపించింది. రెండోది. మూడోది. నాలుగోదానికి ఆవిడ మళ్ళీ పావు తిప్పు అడిగింది. మరదలు పావు తిప్పింది. టక్కుమంది.

అయిపోయింది కదా అని నేను బయటికి జరగబోయాను. కదలొద్దంది. టేపు తీసింది. కొక్కేల మాట ఆవిడ నమ్మలేదు. ఎదుటి అద్దం నుంచి డిక్కీ వరకూ ఎడమ పక్క కొలిచింది, కుడి పక్క కొలిచింది, మధ్యలో కొలిచింది. పుస్తకం తెరిచింది. అంకెల్ని పైకి చదివింది, ఒక్కొక్కటీ, నాకు వినబడేలా. టేపు మీద ఒకటి, పుస్తకంలో ఒకటి, రెండూ ఒకటే. చివరి అంకెను రెండుసార్లు చదివింది. మరదలు పిడి వదిలేసి ముక్కు తుడుచుకుంది. తుప్పు పొడి పడిందంది.

“ఇప్పుడు పైపులు,” అంది మా ఆవిడ.

తనే తెచ్చి ఇచ్చింది. నాలుగూ అతికాను. ఆవిడ ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని ఊపి చూసింది. అప్పుడు అడుగు రేకులు మళ్ళీ అతకడం మొదలుపెట్టాను. మొత్తం రెండు రోజులు పట్టింది. ఈసారి అతుకు ముగ్గు గీతలా లేదు, కోసిన చోట మళ్ళీ అతికితే ఎంత బాగుంటుందో అంతే ఉంది. కానీ పైపులు తీసి తలుపు బిగిస్తే, కీళ్ళ వెనక ఏ ముక్కా లేకుండానే రెండు వేళ్ళతో పడింది. పై సందులో గోరు దూరలేదు.

ఆ రెండు రోజులూ ఆవిడ నాతో పని మాటలే మాట్లాడింది. ఈసారి మొదటి రోజే గమనించాను. మూడో రోజు టీ ఇస్తూ, ఆ చట్నీ ఏమిటండీ, ఎక్కడ బాగుంది అని అడిగింది. నాకూ నవ్వొచ్చింది.

డాక్టరమ్మ వచ్చింది. టాపు వేసి ఉంది. నీలం గుడ్డ మీద ఆవిడ వేలితో కొడితే డప్పులా పలికింది. చుట్టూ తిరిగి, కుట్లు చూసి, ఇన్ని కుట్లు వేసి ఒక్కటీ ఊడకపోవడం తన వల్ల కాదని మా ఆవిడ చేతులు పట్టుకుంది. తర్వాత కార్లో కూర్చుంది. కాళ్ళతో కొత్త అడుగును రెండుసార్లు తొక్కింది. మోగలేదు. తాళం తిప్పింది. ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ దిగింది. నాలుగు కొక్కేలూ టకటకా విప్పేసి, టాపు మొత్తం మడిచి వెనక పడేసి, ఎండ భలే ఉంది మేస్త్రీ గారూ అని జుట్టు ఎగరేసుకుంటూ వెళ్ళిపోయింది.

మరదలు నోరు తెరిచింది, మాట రాలేదు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఎన్ని రోజుల పని, వీధి మలుపు కూడా దాటలేదు.

“పోనివ్వండి,” అంది. “వాన రాకపోతుందా.”

ఆ సాయంత్రం మిషను మళ్ళీ మోగింది. ఏదో స్కూటరు సీటు. నేను సామాను సర్దుతూ పైపుల కోసం చూశాను. ప్లైవుడ్ దగ్గర లేవు. ఆవిడ గదిలో గోడకి కొత్తగా నాలుగు మేకులు కొట్టి ఉన్నాయి, కత్తెర పక్కనే. పైపులు నాలుగూ తుడిచి, ఎడమవి రెండు, కుడివి రెండు అని సుద్దతో రాసి, వాటికి తగిలించి ఉన్నాయి.

ఇకనుంచి అవి అక్కడే ఉంటాయట. కావాలంటే వచ్చి నోరు తెరిచి అడగాలట. పని అయ్యాక తెచ్చి ఇచ్చినప్పుడు కూడా, ఇదిగో తెచ్చాను అని చెప్పాలట.

సరే అన్నాను.